రెండు దేశాల నడుమ మూడు బొమ్మల నవలలు: తిరుపతిలో కొనేవాళ్లకి ఒక సమీక్ష

ముందే తేల్చి చెప్తాం. జపాన్‌కీ బ్రిటన్‌కీ నడుమ బతికే మనుషుల మీద వచ్చిన బొమ్మల నవలల్లో ఒక్కటే కొనగలిగితే ఫ్యూమియో ఒబాటా రాసి గీసిన ‘జస్ట్ సో హ్యాపెన్స్’ కొనండి. రెండోదానికి డబ్బుంటే కావోరు మోరి ‘ఎమ్మా’ మొదటి సంపుటం. లండన్ ప్రచురణ సంస్థ సెల్ఫ్‌మేడ్‌హీరో 2007లో వేసిన ‘రోమియో అండ్ జూలియట్’ మాంగా (జపాన్ పద్ధతిలో గీసిన బొమ్మల కథ) మూడోది. ఎస్వీ యూనివర్సిటీలోనో పద్మావతి మహిళా యూనివర్సిటీలోనో ఇంగ్లిషు సాహిత్యం చదివే పిల్లలకి అది పనికొస్తుంది, మిగతావాళ్లు లైబ్రరీలో దొరికితే తిరగేస్తే చాలు. మూడూ ఇంగ్లిషులోనే చదవాలి. ఇంటర్ స్థాయి ఇంగ్లిషు వచ్చినవాళ్లకి మొదటి రెండూ ఇబ్బంది పెట్టవు.

తిరుపతిలో ఈ పుస్తకాలు ఎవరికి అని అడిగేవాళ్లకి ఒక మాట. మన జిల్లాలోనే శ్రీసిటీ ఉంది. ఇసుజు బండ్లు, కొబెల్కో తవ్వకం యంత్రాలు, డైకిన్ ఏసీలు అక్కడ తయారవుతున్నాయి. తడ, సత్యవేడు పక్క పల్లెల పిల్లలు జపాన్ వాళ్లతో కలిసి పనిచేస్తున్నారు. ఇంకోపక్క లండన్‌కో మాంచెస్టర్‌కో చదువుకి పోయి అక్కడే ఉద్యోగం చూసుకున్న బిడ్డలున్న ఇళ్లు మన వీధుల్లో ఎన్నో ఉన్నాయి. ఫోన్ మోగగానే గుండె ఝల్లుమనే ఇళ్లు అవి. అక్కడున్న బిడ్డకీ ఇక్కడున్న అమ్మానాన్నలకీ అదే భయం. ‘జస్ట్ సో హ్యాపెన్స్’ మొదలయ్యేది సరిగ్గా ఆ ఫోన్‌తోనే.

యుమికో జపాన్ అమ్మాయి. లండన్‌లో ఉద్యోగం ఉంది, స్నేహితులున్నారు, పెళ్లాడబోయే బ్రిటిష్ అబ్బాయి ఉన్నాడు. ఆ ఊరు తనదే అనుకునేంతగా కుదురుకుంది. ఒకరోజు తమ్ముడో అన్నో, సోదరుడి దగ్గర్నించి ఫోన్: నాన్న కొండల్లో ప్రమాదంలో పోయాడు. ఆమె విమానం ఎక్కి జపాన్ పోతుంది, అంత్యక్రియల్లో నిలబడుతుంది. అక్కడ ఒక నిర్ణయం తీసుకోవాల్సి వస్తుందని ఆమె ముందుగా అనుకోలేదు. కథ ఇంతే. ముగింపు చెప్పం. 2014లో లండన్‌లో జొనాథన్ కేప్ వేసిన ఈ పుస్తకం సుమారు 160 పేజీలు, అన్నీ రంగుల్లోనే. ఒబాటా టోక్యోలో పుట్టి 1991లో బ్రిటన్ చేరాడు, గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లోనూ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లోనూ చదివాడు. పుస్తకం రాసింది ఇంగ్లిషులో, అచ్చయింది ఇంగ్లండ్‌లో, అందుకే ఎడమ నుంచి కుడికి మామూలుగానే చదవాలి. అనువాదం కాదు గనక మాటలు ఎక్కడా అతుకులేసినట్టు ఉండవు.

మాటలు చాలా తక్కువ. గంటన్నరలో పూర్తి చేసేయొచ్చు, కానీ అలా చేస్తే పుస్తకం చేజారిపోతుంది. ఒబాటా నీటిరంగులు వాడాడు. పలచని రంగు మీద ఇంకో పలచని పొర, అంచులు కాగితంలోకి ఇంకిపోయినట్టు. మాట లేని పేజీ వచ్చినప్పుడు బొమ్మ అంచుల దగ్గర ఆగి చూడాలి: మనిషి ఎంత చిన్నగా ఉంది, చుట్టూ ఖాళీ ఎంత వదిలాడు, ముఖం మనవైపు ఉందా పక్కకి ఉందా. యుమికో ఆ చోటికి దగ్గరైందో దూరమైందో మాటల కంటే ముందు ఆ ఖాళీ చెప్తుంది. మొదటిసారి కథ కోసం చదవండి. రెండోసారి మాటలు వదిలేసి బొమ్మలు మాత్రమే చూడండి. ఈ రెండో చదువులోనే డబ్బు గిట్టుబాటవుతుంది.

గడుల్లో కథ చదవడం మనకి రాదనుకునేవాళ్లు శ్రీకాళహస్తి కలంకారీని గుర్తు చేసుకోవాలి. నడుమ పెద్ద బొమ్మ, చుట్టూ వరసల్లో గడులు, గడి అంచున తెలుగులో కథ చెప్పే పంక్తి. రామాయణం మొత్తాన్ని ఒక గుడ్డ మీద అలా చదివిన జనం మనం. వెదురు కలానికి గుడ్డో ఉన్నో చుట్టి కసిమి అనే నల్లరంగులో ముంచి గీసే ఆ గీతకి ఎంత నిలకడ కావాలో దగ్గర్నించి చూసినవాళ్లకి, నీటిరంగు మీద ఒబాటా లాగిన సన్నగీత విలువ ఇట్టే తెలుస్తుంది. తేడా ఒక్కటే. కలంకారీలో ఏ కథ వస్తుందో చూసేవాడికి ముందే తెలుసు. ఇక్కడ తెలియదు, అందుకే గడికీ గడికీ మధ్య వదిలిన తెల్లసందులో ఏం జరిగిందో మనమే పూరించుకోవాలి. విమానం ఎక్కడానికి ముందు గడికీ దిగిన తరవాత గడికీ మధ్య సందు అలాంటిది.

ఈ పుస్తకం పూర్తిగా అందాలంటే జపాన్ చావు కర్మల గురించి కొంచెం తెలుసుకుని మొదలుపెట్టాలి, అన్నీ కథలో విడమరిచి చెప్పరు. సాధారణంగా జపాన్‌లో బౌద్ధ పద్ధతిలో జరిగే తంతు ఇది. ముందురోజు రాత్రి శవం దగ్గర జాగారం, దాన్ని త్సుయా అంటారు. వచ్చినవాళ్లు నలుపు తెలుపు దారాలు చుట్టిన కవరులో డబ్బు ఇస్తారు. మన పెళ్లి చదివింపుల లాగే ఎవరు ఎంత ఇచ్చారో రాసిపెట్టుకుని తరవాత తగిన కానుక తిరిగి పంపుతారు. ధూపం పొడిని వేళ్లతో చిటికెడు తీసి నిప్పుల మీద వేసి దణ్ణం పెడతారు. పోయినవాళ్లకి బౌద్ధ పూజారి కొత్త పేరు పెడతాడు. దహనం తరవాత అయినవాళ్లు పుల్లలతో (చాప్‌స్టిక్స్) ఎముకలు ఏరి కుండలో వేస్తారు. పాదాల ఎముకలతో మొదలుపెట్టి కపాలంతో ముగిస్తారు, కుండలో మనిషి తలకిందులు కాకుండా నిటారుగా ఉండాలని. ఇద్దరు మనుషులు చెరో జత పుల్లలతో ఒకే ఎముకని పట్టి ఎత్తుతారు.

ఈ చివరి సంగతి శ్రీసిటీలో పనిచేసేవాళ్లకి క్యాంటీన్‌లోనూ పనికొస్తుంది. భోజనం దగ్గర ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకి ముక్క అందించడం జపాన్ వాళ్లకి ఒళ్లు జలదరించే పని, అది ఎముకలేరే చేష్ట గనక. అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చడం కూడా అంతే, అది పోయినవాళ్ల ముందు పెట్టే కూడు. ఏట్లో పిండం కలిపిన చేతితోనే మనం పండక్కి ముద్ద కలిపి పెట్టం కదా, ఆ ఇంగితం లాంటిదే.

మనకీ వాళ్లకీ దగ్గరగా ఉండేది రోజుల లెక్క. మనకి పదకొండు, పన్నెండు రోజులైతే వాళ్లకి నలభై తొమ్మిది. ప్రతి ఏడు రోజులకీ ఒక మెట్టు చొప్పున ఏడు మెట్లు. దూరంగా ఉండేది అస్థికల సంగతి. మనం నీళ్లలో కలిపేస్తాం, వాళ్లు కుండని కుటుంబ సమాధి రాయి కింద పెడతారు. అంటే ఊళ్లో ఒక రాయి ఎప్పటికీ ఎదురుచూస్తూ ఉంటుంది. లండన్‌లో బతుకుతున్న కూతురికి ఆ రాయి ఎంత బరువో ఊహించుకుని యుమికో ముఖం చూడండి. ఏ గడిలోనూ ఏడుపు పొంగి పొర్లదు. కర్మకాండలో ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు వంగాలో ఒళ్లు గుర్తు పెట్టుకుంది, మనసు మాత్రం రెండడుగులు వెనక ఉంది. ఆ ఎడం గీయడం చాలా కష్టం, ఒబాటా గీశాడు.

ఇక నో నాటకం. కథ పొడుగునా నో నటుడి రూపం యుమికోని వెంటాడుతుంది. నో ఆరు వందల ఏళ్ల పైబడిన ముసుగు నాటకం. దానికి రూపు దిద్దినవాళ్లలో పెద్దపేరు జెఅమిది. చదునైన సైప్రస్ చెక్క వేదిక, వెనకగోడ మీద ఒక పైన్ చెట్టు బొమ్మ, ఎడమపక్క వేదికకి చేరే వంతెన. ఆ వంతెన మీదుగా వచ్చేది చాలా నాటకాల్లో చనిపోయినవాళ్ల ఆత్మే. దారినపోయే ఒక బాటసారి కూర్చుని ఆ ఆత్మ గోడు వింటాడు. ముసుగు చెక్కతో చెక్కింది, ముఖం కంటే కొంచెం చిన్నది. చాలా ముసుగుల్లో కదిలే భాగం ఏదీ ఉండదు. కానీ నటుడు తల కాస్త పైకెత్తితే వెలుగు పడి నవ్వినట్టు ఉంటుంది, కాస్త దించితే నీడ పడి దుఃఖించినట్టు ఉంటుంది. ఒకే చెక్కముఖం, రెండు భావాలు. పుస్తకంలో ముసుగు కనిపించిన ప్రతిచోటా దాని వాలు చూడండి, ఆ పేజీలు రెండింతలు మాట్లాడతాయి.

తిరుపతిలో పుట్టినవాళ్లకి ఈ భాగం తేలిగ్గా అర్థమవుతుంది, గంగమ్మ జాతర చూసిన కళ్లు గనక. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని రోజుకో వేషం. పాలెగాడు దాక్కుంటే అమ్మ వేషాలు మార్చి మార్చి వెతికిందనీ, దొర వేషంలో ఉన్నప్పుడు వాడు బయటపడ్డాడనీ కథ. వేషం కట్టినవాడు వీధిలోకి వస్తే జనం దణ్ణం పెట్టేది వేషానికి, లోపలున్నది ఎవరన్న సంగతి ఆ పూటకి పక్కకి పోతుంది. యుమికో ప్రశ్న కూడా అక్కడే ఉంది. లండన్ వీధుల్లో తను కట్టుకున్నది వేషమా, అంత్యక్రియల్లో నల్లబట్టల్లో వంగి నిలబడ్డది వేషమా? రెండిట్లో ఏది తీసేస్తే అసలు ముఖం కనిపిస్తుంది? జాతరలో వేషం కట్టినవాడు ఆ మూడు నాలుగు గంటలూ తక్కువ మనిషి అయిపోడు. అలా చూడటం వచ్చినవాళ్లు ఈ పుస్తకాన్ని బాధగా మాత్రమే చదవరు.

లోపాలు లేవని కాదు. పెళ్లాడబోయే బ్రిటిష్ అబ్బాయి పలచటి పాత్ర. యుమికో వదులుకోవాల్సి వస్తుందేమో అన్న జీవితంలో అతను సగం గనక అతనికి ఇంకో పది పేజీలు దక్కాల్సింది. లండన్ ఉద్యోగం సంగతీ అంతే, పైపైనే తేలిపోతుంది. జపాన్ పేజీలకి ఉన్న చిక్కదనం లండన్ పేజీలకి లేదు. ఇల్లు వదిలి వచ్చినవాళ్లకి ఇల్లే ఎక్కువ స్పష్టంగా కనిపిస్తుందని సర్ది చెప్పుకోవచ్చు, అయినా లోటు లోటే.

ఇదే ప్రశ్న జపాన్ సాహిత్యంలో పాతదే. నవలాకారుడు నత్సుమె సోసెకిని జపాన్ ప్రభుత్వం ఇంగ్లిషు చదువుకోసం 1900లో లండన్ పంపింది. చాలీచాలని డబ్బుతో అద్దె గదులు మారుతూ రెండేళ్లు గడిపి, మనసు దెబ్బతిని తిరిగొచ్చాడు. ఆ రెండేళ్లూ తన జీవితంలో అన్నిటికంటే అసహ్యమైన కాలమని తరవాత తనే రాసుకున్నాడు. తిరిగొచ్చాక టోక్యోలో ఆయన బతుకు చుట్టూ జిరో తనిగుచి బొమ్మలు గీసిన ‘ద టైమ్స్ ఆఫ్ బొచ్చాన్’ కూడా ఇంగ్లిషులో వచ్చింది. పాతపుస్తకాల దగ్గర కనబడితే బేరమాడకుండా తీసుకోండి.

‘ఎమ్మా’ దగ్గరికొస్తే చూపు తిరగబడుతుంది. ఇక్కడ బ్రిటన్‌లో జపాన్ మనిషి ఉండదు, బ్రిటన్‌ని గీసిన చెయ్యి మాత్రం జపాన్‌ది. పందొమ్మిదో శతాబ్దం చివరి లండన్. ఎమ్మా ఒక పనిమనిషి. విలియం జోన్స్ డబ్బున్న వ్యాపారి కొడుకు. చిన్నప్పుడు తనకి చదువు చెప్పిన టీచరమ్మని చూడటానికి వస్తే ఆ ఇంట్లో పనిచేసే ఎమ్మా తలుపు తెరుస్తుంది, ఆ తలుపు అతని ముఖానికి తగులుతుంది. అక్కడ మొదలు. అంతస్తుల అడ్డుగోడ ఎంత ఎత్తుదో కథ పొడుగునా చూపించారు. 2002 నుంచి 2006 దాకా జపాన్‌లో పత్రికలో వరసగా వచ్చిన ఈ కథని, మొత్తం పది సంపుటాలని, అమెరికాలో యెన్ ప్రెస్ రెండేసి సంపుటాలు ఒక గట్టి అట్టలో పెట్టి ఐదు పుస్తకాలుగా వేసింది. అసలు కథ ఏడు సంపుటాలతో ముగుస్తుంది, మిగతా మూడూ పక్కపాత్రల కథలు. మొదటి పుస్తకం కొని, నచ్చితేనే ముందుకు పోండి. ఐదూ ఒకేసారి కొనే తొందర వద్దు.

మోరి బలం పనులు గీయడంలో ఉంది. వెండి చెంచాలు తుడవడం, గౌను దారాలు బిగించడం, మెట్లు కడగడం, ఉతికిన దుప్పటి మడవడం పేజీలకి పేజీలు మాట లేకుండా గీసింది. ఒక పనిమనిషి చెయ్యి రోజంతా ఏం చేస్తుందో అంత శ్రద్ధగా చూసిన బ్రిటిష్ నవలలు తక్కువ. పరాయి దేశం మీద ప్రేమతో చూసేవాళ్లకే కనబడే వివరాలు కొన్ని ఉంటాయి, అవి ఇందులో నిండా ఉన్నాయి. సంపుటాల చివర రచయిత్రి తన బొమ్మ తనే గీసుకుని చెప్పే కబుర్లు వదలకండి, ఆ ప్రేమ ఎక్కడిదో అక్కడ తెలుస్తుంది. విలియం, ఎమ్మా క్రిస్టల్ ప్యాలెస్‌కి పోయే భాగం ఒక్కటి చాలు ఈ పుస్తకం కొనడానికి. 1936లో తగలబడిపోయిన ఆ గాజు మేడని గాజుపలక గాజుపలకగా మళ్లీ నిలబెట్టింది.

మనకి గుచ్చుకునే ముల్లు కూడా ఇందులోనే ఉంది. విలియం స్నేహితుడు హకీం అనే భారతీయ రాజకుమారుడు ఏనుగులేసుకుని లండన్‌లో దిగుతాడు, వెంట నోరు మెదపని అమ్మాయిలు. మనిషిగా హకీం మంచివాడే, కథలో అందరికంటే సూటిగా మాట్లాడేవాడూ అతనే. కానీ ఆ వేషభాషలు భారతదేశం నుంచి రాలేదు. విక్టోరియా కాలపు దొరలు ఊహించుకున్న ఇండియాని జపాన్ రచయిత్రి అరువు తెచ్చుకుంది. రెండు సంస్కృతుల మధ్య చూపు మూడో సంస్కృతి దగ్గర ఎలా మసకబారుతుందో చూడటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కోపగించుకుని పుస్తకం మూసేయకుండా, ఎక్కడ మసకబారిందో గుర్తుపెట్టుకుంటూ చదవండి.

‘ఎమ్మా’ జపాన్ పద్ధతిలో కుడి నుంచి ఎడమకి చదవాలి. మొదటిసారి చదివేవాళ్లు ఇక్కడే తికమకపడి వదిలేస్తారు. పుస్తకం వీపు మీ కుడిచేతివైపు ఉండేలా పట్టుకోండి. మనం చివరి అట్ట అనుకునేదే మొదటి అట్ట. రెండు పేజీలు తెరిచినప్పుడు కుడిపేజీ ముందు. పేజీలో పైవరసలో కుడిమూల గడితో మొదలుపెట్టి ఎడమకి వచ్చి, తరవాత కింది వరసకి దిగాలి. ఒక్కో గడిలోపల కూడా కుడివైపు మాటబుడగ ముందు. తప్పు జరిగేది ఎక్కువగా నిలువు గడుల దగ్గర. కుడివైపు ఒక పొడుగు గడి, దాని పక్కన ఎడమవైపు ఒకదాని కింద ఒకటి రెండు చిన్న గడులుంటే, ముందు పొడుగుది, తరవాత పై చిన్నది, తరవాత కింది చిన్నది. పొడుగు గడి ఎడమవైపు ఉంటే, కుడివైపు చిన్నవి రెండూ పైనుంచి కిందికి చదివి, ఆఖర్న పొడుగుది. ఇరవై ముప్పై పేజీల్లో కన్ను అలవాటు పడిపోతుంది. ఒక పూట మానేసి మళ్లీ పట్టుకుంటే ఒక రెండు పేజీలు తడబాటు ఉంటుంది, అంతే.

ఎడమ నుంచి కుడికి తిప్పి అచ్చేసిన పాత మాంగాలు పాతపుస్తకాల దగ్గర అప్పుడప్పుడు దొరుకుతాయి. చదవడం తేలికని వాటిని తీసుకోకండి. బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పేయడం వల్ల అందరూ ఎడమచేతివాటం అయిపోతారు. బండ్లు రోడ్డుకి కుడివైపు పోతుంటాయి. జపాన్‌లోనూ బ్రిటన్‌లోనూ మన దగ్గరలాగే ఎడమవైపు నడుపుతారు గనక మనకి వెంటనే తేడా కొడుతుంది. వీటికంటే పెద్ద తప్పు జపాన్ వాళ్ల సంప్రదాయ దుస్తు కిమోనో దగ్గర. బతికున్న మనిషికి కిమోనో ఎడమ అంచు పైకి వచ్చేలా కుడి అంచు మీద కప్పుతారు. కుడి అంచు పైకి తెచ్చి కట్టేది శవానికి. బొమ్మ తిప్పేస్తే పెళ్లికూతురు కూడా పాడె మీది మనిషిలా ఉంటుంది. జపాన్ పాఠకుడికి గుండె గుభేలుమనే ఆ తప్పు తెలియనివాళ్లకి కనిపించదు.

శబ్దాల మాటల విషయంలో మాత్రం తెలుగువాళ్లది అదృష్టం. మాంగాలో బొమ్మ మీదే శబ్దాన్ని అక్షరాలతో గీస్తారు. జపాన్ భాషలో గుండెకి ‘దొకి దొకి’, మెరుపుకి ‘పిక పిక’, ఉరుముకి ‘గొరొ గొరొ’. ఇంగ్లిషులో ఇలాంటి జంటమాటలు తక్కువ గనక అనువాదకులు ఇబ్బంది పడతారు. మనకి దడదడ, తళతళ, గడగడ సిద్ధంగా ఉన్నాయి. పిల్లలకి చదివి వినిపించేటప్పుడు ఇంగ్లిషు శబ్దాన్ని వదిలేసి నేరుగా మన మాట వేయండి, బొమ్మకి అతికినట్టు సరిపోతుంది. నిశ్శబ్దానికి కూడా వాళ్లకి ‘షీన్’ అని ఒక మాటుంది. దానికి మన ‘చడీ చప్పుడూ లేకుండా’ పొడుగైపోతుంది, అక్కడ ఊపిరి బిగబట్టి ఒక క్షణం ఆగితే చాలు.

‘రోమియో అండ్ జూలియట్’ మాంగా గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. రిచర్డ్ అపిన్యానెసి షేక్‌స్పియర్ మాటల్నే కత్తిరించి కూర్చాడు, బ్రిటిష్ చిత్రకారిణి సోనియా లియాంగ్ గీసింది. రెండు కుటుంబాలూ ఇప్పటి టోక్యోలో యకుజా అనే నేరగాళ్ల ముఠాలు, కత్తులు జపాన్ కత్తులు. ఎడమ నుంచి కుడికే చదవాలి. బొమ్మల్లో ఉత్సాహం ఉంది గానీ టోక్యో ఎందుకు అన్నదానికి జవాబు అలంకారం దాటి పోదు. ముఠాల పగ తప్ప జపాన్ బతుకులోని ఏ చిక్కూ కథలోకి రాదు. విద్యార్థులకి మాత్రం పాత్రలు ఎవరెవరో ముఖాలతో గుర్తుండిపోవడానికి బాగా సాయపడుతుంది. పరీక్షకి దీన్నే నమ్ముకుంటే మునుగుతారు, మూలంలోని పంక్తులు చాలా ఎగిరిపోయాయి.

ఇక కొనడం. తిరుపతి పుస్తకాల షాపుల్లో ఎక్కువగా ఉండేవి పోటీపరీక్షల గైడ్లు, భక్తి పుస్తకాలు. అడిగితే తెప్పించే షాపు తెలిసి ఉంటే పేరుతోపాటు పుస్తకం వెనక ఉండే పదమూడంకెల ఐఎస్‌బీఎన్ నంబరు రాసివ్వండి. ‘ఎమ్మా’ పేరుతో జేన్ ఆస్టిన్ నవల కూడా ఉంది, దానికీ మాంగా రూపాలున్నాయి, నంబరు లేకపోతే అది వచ్చి కూర్చుంటుంది. లేదంటే సప్తగిరి రైలెక్కి చెన్నై పోయి పెద్ద షాపుల్లో చూసుకోవచ్చు, జనవరిలో అయితే అక్కడి పుస్తక ప్రదర్శన కూడా కలిసొస్తుంది. పోయేముందు ఫోన్ చేసి పుస్తకం ఉందో లేదో కనుక్కోండి.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ధర ఒక్కో అమ్మకందారు దగ్గర ఒక్కోలా ఉంటుంది. విదేశం నుంచి రావాల్సినవైతే మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. మరీ చౌకగా కనిపిస్తే దొంగ అచ్చు అని అనుమానించండి. గుర్తుపట్టడం కష్టం కాదు. మాంగాలో నీడలన్నీ సన్నని చుక్కలతో వేస్తారు. అచ్చయిన పుస్తకాన్ని స్కాన్ చేసి మళ్లీ అచ్చేస్తే ఆ చుక్కల మీద అలలు అలలుగా చారలు వస్తాయి. అంచుల్లో మాటబుడగలు తెగిపోయి ఉంటాయి, ప్రచురణకర్త వివరాల పేజీ ఉండదు. ఈ మూడిట్లో ఏది కనిపించినా తిప్పి పంపేయండి. పార్సిల్ విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. గట్టి అట్ట పుస్తకాలకి మూలలు నలిగి రావడం మామూలు, వీడియో ఉంటే మార్పించుకోవడం తేలిక.

‘జస్ట్ సో హ్యాపెన్స్’ని నలుపు తెలుపు ఈ-రీడర్‌లో చదవడం దండగ, నీటిరంగు బూడిదయిపోతుంది. పది అంగుళాల ట్యాబ్‌లెట్ అయితే పరవాలేదు. ఫోన్‌లో గడి గడికీ పెద్దది చేసి చూపించే పద్ధతి ఉంటుంది, దాన్ని ఆపేయండి. రెండు పేజీల మీద పరుచుకున్న బొమ్మని అది ముక్కలు చేస్తుంది, ఒబాటా వదిలిన ఖాళీ అంతా పోతుంది.

కొత్త పుస్తకాన్ని ఒక్కసారిగా నడిమికి విరిచి తెరవకండి. వీపు బల్ల మీద ఆనించి నిలబెట్టి, ముందు అట్ట వాల్చి, వెనక అట్ట వాల్చి, తరవాత ముందునుంచి పది పేజీలు, వెనకనుంచి పది పేజీలు మార్చి మార్చి వేలితో మెల్లగా అదుముతూ పుస్తకం నడిమికి చేరండి. ఐదు నిమిషాల పని. ఇలా చేస్తే జిగురు పగలదు, మడతలో దాక్కున్న బొమ్మ కూడా బయటపడుతుంది.

మన ఎండ, మన వాన రెండూ రంగుల కాగితానికి శత్రువులే. కిటికీ ఎండ నేరుగా పడేచోట అర పెట్టకండి, రంగు వెలిసిపోతుంది. మే నెలలో మిద్దె కింద గది కాలిపోతుంటే జిగురు ఎండి పేజీలు ఊడతాయి, కింది అంతస్తులో పెట్టడం మేలు. నవంబరు, డిసెంబరు ముసుర్లలో గోడకి ఆనించిన ఇనప బీరువా వెనకవైపు చెమ్మ పడుతుంది. బీరువాని నాలుగు వేళ్లు ముందుకు జరిపి, లోపల సిలికా పొట్లాలు వేసి, వాన తెరిపి ఇచ్చిన రోజు పుస్తకాలు తీసి నీడలో గాలాడనివ్వండి. వేపాకు వేసేవాళ్లు బాగా ఎండినదే వెయ్యాలి, పచ్చిదైతే దాని తేమకే బూజు పడుతుంది. నీటిరంగు పేజీల మధ్య మాత్రం ఆకు పెట్టకండి, మరక దిగుతుంది.